మా అమ్మాయి చేతి రొట్టె

దేవునికి స్తోత్రం. మట్టి తీసి మనిషిని చేసినవానికి, చేసిన తర్వాత చూసి బాగుందని అన్నవానికి స్తోత్రం. ఏ బిడ్డనూ పొరపాటున పుట్టించనివానికి, మా ఇంటికి మా అమ్మాయిని పంపినవానికి, పదహారేళ్లుగా ఆమె ఊపిరిని కాపాడుతున్నవానికి, నా నోరు పెగలని రోజుల్లో కూడా స్తుతికి తగినవాడైన తండ్రికి మహిమ కలుగును గాక. ఈ మాటలు ముందే రాసుకుంటున్నాను. తర్వాత రాయబోయేది చదివి, ఇతను దేవుని మీద ఫిర్యాదు చేస్తున్నాడని ఎవరూ అనుకోకూడదు. ఫిర్యాదు నా మీదే.

నేను ఢిల్లీలో ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. నా భార్య మరో ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. ఇద్దరిదీ కోస్తా. పెళ్లయిన కొత్తలో జనక్‌పురిలో అద్దెకు దిగాం. ఆ తర్వాత ఇళ్లు మారాం గాని కాలనీ మారలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇక్కడే ఒక స్కూలు హాల్లో మా తెలుగు క్రైస్తవ సంఘం కూడుతుంది. సగం మంది నర్సులు, మిగతా సగం వాళ్ల కుటుంబాలు. ఆ సంఘానికి ఉన్న ముగ్గురు పెద్దల్లో నేనొకణ్ని. మా నాన్న పల్లెల్లో తిరిగి వాక్యం చెప్పేవాడు. నాకు ఎక్కాలకంటే ముందు లేఖనాలు కంఠతా వచ్చాయి.

మా అమ్మాయి పుట్టినప్పుడు డాక్టరు చెప్పకముందే నా భార్యకు తెలిసిపోయింది. అలాంటి పిల్లల్ని ఎంతమందినో తన చేతులతో తుడిచి తల్లుల పక్కన పడుకోబెట్టిన మనిషి. నేను లోపలికి వెళ్లేసరికి ఆమె పాప గుప్పిట విప్పి చూస్తోంది. అరచేతిలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే గీత.

"కళ్లు కూడా చూడండి. డౌన్ సిండ్రోమ్," అంది. "రిపోర్టు రావాలిలెండి. కానీ నాకు తెలుసు."

"ప్రార్థన చేద్దాం," అన్నాను.

"చేద్దురుగాని. ముందు ఎత్తుకోండి."

రోజూ ఎవరెవరి రిపోర్టులో కవర్లలో పెట్టి ఇచ్చే నేను, మా పాప రిపోర్టు వచ్చిన రోజు ఆ కవరు విప్పలేకపోయాను. ఆమే విప్పి, చదివి, మడిచి, పాప టీకాల కార్డులో పెట్టింది.

సంఘంలోని సిస్టర్లు ప్రతివారం ఇంటికి వచ్చి పాప తల మీద చేతులుంచి ప్రార్థించేవారు. ఒకావిడ, "స్వస్థత దొరికేసింది బ్రదర్, నమ్మండి," అంది. నా భార్య టీ గ్లాసులు తీస్తూ, "అదేమన్నా జలుబా సిస్టర్, తగ్గడానికి," అంది. ఆవిడ మళ్లీ రెండు వారాలు రాలేదు.

మూడేళ్లు దాటినా పాపకు మాటలు రాలేదు. మాటలు నేర్పే దీదీ మాకో సలహా ఇచ్చింది. రెండు భాషలైతే పిల్ల తికమక పడుతుంది, స్కూల్లో హిందీయే కాబట్టి ఇంట్లో కూడా హిందీయే మాట్లాడండి అంది. రెండు భాషలున్నా నష్టం లేదని ఈ మధ్య వేరొకరు చెప్పారు. అప్పుడు చెప్పినవాళ్లు లేరు. మాకొచ్చిన హిందీ కూరగాయల బండి దగ్గరా, ఆసుపత్రి కౌంటరు దగ్గరా పనికొచ్చే హిందీ. ఆ హిందీతో బిడ్డను పెంచాం. హిందీలో మాటలకుండే మగా ఆడా తేడా లేకుండా నేను మాట్లాడితే ఆమెకూ అదే అబ్బింది. స్కూల్లో టీచరమ్మ నవ్వి, "యే తో బిల్కుల్ పాపా హై," అనేది, ఇది అచ్చం వాళ్ల నాన్నే అని.

అలా మా ఇంట్లో ప్రార్థన తెలుగులో, పాటలు తెలుగులో, బిడ్డ మాత్రం హిందీలో మిగిలింది. ఆదివారం రెండు గంటలు ఆమె తనకు పలకడం రాని భాషలో కూర్చుంటుంది. అయినా పాట మొదలైతే ఊరుకోదు. ప్రతి చరణం చివరి అక్షరాన్ని అందరికంటే కాస్త వెనగ్గా, గట్టిగా లాగుతుంది. పియానో వాయించే కుర్రాడు ఆ లాగడం అయ్యేదాకా ఆగి తర్వాతి చరణం ఎత్తుకుంటాడు. గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతివాళ్లకూ చెయ్యిస్తుంది. వారమంతా డ్యూటీల్లో నలిగి వచ్చినవాళ్లు ఆ చెయ్యి దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. ఒకసారి మెట్రోలో ఎవరో ముసలావిడ కళ్లు తుడుచుకుంటుంటే, నేను ఆపేలోగా వెళ్లి ఆవిడ పక్కన ఇరుక్కుని కూర్చుని భుజం మీద తల పెట్టేసింది. ఆవిడ దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. "కోయీ బాత్ నహీ, బైఠ్‌నే దో," అంది నాతో, పర్లేదు కూర్చోనివ్వండి అని. మేం కూడా దిగలేదు.

ఇప్పుడు రొట్టె సంగతి.

నెలలో మొదటి ఆదివారం మా సంఘంలో ప్రభు బల్ల ఉంటుంది, యేసు శరీరానికి గుర్తుగా రొట్టె విరిచి పంచుకోవడం. దానికి కావలసిన రొట్టె చాలా ఏళ్లుగా మా ఇంట్లోనే తయారవుతుంది. గోధుమపిండి, నీళ్లు, కొంచెం నూనె. ఉప్పు లేదు, పులియబెట్టడం లేదు. మా అమ్మాయి ఆరేడేళ్ల వయసులో చేతులు మరీ మెత్తగా, పట్టు లేకుండా ఉండేవి. రోజూ పిండి పిసికించండి, బలం వస్తుంది అన్నారు. శనివారం మధ్యాహ్నం రొట్టెపిండి అప్పట్నుంచి ఆమె చేతికి వచ్చింది. నాలుక కాస్త బయటపెట్టి, పళ్లెం మీదికి వంగి, పిండి తన శత్రువైనట్టు పిసుకుతుంది. మిగిలిన పిండితో తల్లి చిన్న రొట్టె ఒకటి కాల్చి, పంచదార చల్లి ఆమెకిస్తుంది. పెద్ద రొట్టెను తెల్లబట్టలో చుట్టి, మర్నాడు ఈ-రిక్షాలో ఒళ్లో పెట్టుకుని, ఎవర్నీ తాకనివ్వకుండా హాలుకు తెచ్చి బల్ల మీద పెట్టేది ఆమే.

ఆ బల్లలో పాలుపొందేది బాప్తిస్మం తీసుకున్నవాళ్లే. బాప్తిస్మం తీసుకునేది తన నోటితో విశ్వాసం ఒప్పుకున్నవాళ్లే. మా పాస్టరు అయ్యగారు రొట్టె విరిచాక పళ్లేలు పట్టుకుని వరసల్లోకి వెళ్లేది పెద్దలం. ఎడమవైపు వరసలు నావి. నా భార్య, మా అమ్మాయి కూర్చునేది అక్కడే.

చిన్నప్పుడు పళ్లెం దాటిపోతే ఆమె పట్టించుకునేది కాదు. పద్నాలుగో ఏట ఒక ఆదివారం చెయ్యి చాపింది.

"నహీ బేటా," అన్నాను నెమ్మదిగా.

"పాపా, మేరా రోటీ!"

నాన్నా, నా రొట్టె అని. హాలంతా విన్నది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను పళ్లెం పక్కకు జరిపి ముందుకు వెళ్లాను. ఇంటికి వచ్చాక షూ లేసులు విప్పుకోకుండా నా ముందు నిలబడింది. "కల్ ఖాయా. ఆజ్ నహీ. క్యోఁ?" అంది. నిన్న తిన్న రొట్టె ఇవాళ ఎందుకు వద్దు? ఈ విషయం మీద నేను గంటసేపు ప్రసంగించగలను, చేశాను కూడా. నా దగ్గరున్న హిందీలో జవాబు దొరకలేదు. తెలుగులో ఉందా అంటే, అదీ ఇప్పుడు చెప్పలేను. "పెద్దదానివి అయ్యాక," అన్నాను. అప్పట్నుంచి ప్రతి మొదటి ఆదివారం పొద్దున ఫ్రిజ్ పక్కన మడమలెత్తి నిలబడి, "బడీ?" అని, పెద్దదాన్ని అయ్యానా అని అడిగేది.

బాప్తిస్మానికి ముందు ఒక పరీక్ష ఉంటుంది. దాని నియమం నేను పెట్టించిందే. ఆరేళ్ల కిందట, పిల్లలు హాస్టళ్లకు వెళ్లిపోతారని తల్లిదండ్రులు తొందరపెట్టి బాప్తిస్మాలు ఇప్పిస్తున్నారు. పిల్లలు బట్టీపట్టిన సాక్ష్యం అప్పజెబుతుంటే పక్కనుంచి తల్లులు పెదాలు కదిపేవారు. నాకు అది ప్రభువును మోసం చేసినట్టు అనిపించింది. లోపల తల్లిదండ్రులు ఉండకూడదు, అడిగిన దానికి తన మాటల్లో తానే చెప్పాలి అని నేను ప్రతిపాదించి, సంఘం పుస్తకంలో నా చేత్తో రాశాను. అందరూ మెచ్చుకున్నారు.

ఆ నియమం కింద మొదట వెనక్కి వెళ్లింది ఘాజియాబాద్ నుంచి వచ్చే ఒక నర్సు కూతురు. పద్దెనిమిదేళ్ల పిల్ల. నత్తి. పది నిమిషాలు నిలబడింది, మొదటి మాట రాలేదు. అమ్మను పిలవమని సైగ చేసింది. నేను వద్దన్నాను. "వచ్చే ఏడాది చూద్దాం తల్లీ," అన్నాను. ఆ కుటుంబం ఇంకో రెండు ఆదివారాలు వచ్చి మానేసింది. అక్కడే ఏదో సంఘంలో చేరారని విన్నాను. బాధపడ్డాను గాని, చేసింది సరైనదే అనుకున్నాను.

పోయిన ఏడాది చివర్లో నా భార్య, "ఈసారి బాప్తిస్మానికి దాని పేరివ్వండి," అంది.

"లోపల ఏం చెబుతుంది?"

"దానికొచ్చింది చెబుతుంది."

"పాపం అంటే ఏంటో తెలియాలి కదా."

"మీకు బాగా తెలుసు మరి. మొన్న నీళ్ల మోటారు కోసం కిందింటాయనతో కాలర్లు పట్టుకున్నంత పని చేసి, మర్నాడు సహనం మీద వాక్యం చెప్పొచ్చారు."

పేరిచ్చాను. రెండు నెలలు నేర్పాం. యేసు నావాడు, నా కోసం చనిపోయాడు, నేను ఆయన దాన్ని. మూడే ముక్కలు, హిందీలో, చేతి సైగలతో. వాషింగ్ మెషీన్ ముందు నిలబడి, అది తిరుగుతుంటే దానికి అప్పజెప్పేది. తప్పు లేకుండా చెప్పేది.

పరీక్ష హాలు పక్కన ఒక క్లాసురూములో జరిగింది. నేను పెద్దనైనా తండ్రిని కాబట్టి బయటే ఉండాలి. నేనూ నా భార్యా వరండాలో చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. మా అమ్మాయి తల మీద చున్నీ సర్దుకుని, మాకు చెయ్యూపి లోపలికి వెళ్లింది. తలుపు సగమే వేశారు.

"యేసు కౌన్ హై, బేటీ?" అన్నారు అయ్యగారు. ఆయన హిందీ నా హిందీకంటే కనాకష్టం.

చిన్న కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత, "మేరా." నావాడు అని.

"అచ్ఛా, అచ్ఛా. బహుత్ అచ్ఛా. నువ్వెప్పుడైనా తప్పు చేశావా? గల్తీ?"

"నహీ."

"కభీ నహీ?"

"నహీ."

లోపలున్న పెద్దల్లో ఒకాయన సరదా మనిషి. "మరి గల్తీ ఎవరు చేశారమ్మా? కిస్ నే కియా?" అన్నాడు.

"పాపా నే." నాన్నేనట.

లోపల ముగ్గురూ పకపకా నవ్వారు. నా భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను.

"పాపా నే క్యా కియా?" ఆయన ఇంకా నవ్వుతూనే అడిగాడు.

"రోటీ నహీ దియా."

నాన్న రొట్టె పెట్టలేదు. నవ్వు ఆగిపోయింది.

కాసేపటికి నన్ను లోపలికి పిలిచారు. మా అమ్మాయి చిన్న కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. నేర్పిన మిగతా రెండు ముక్కలు ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. బల్ల మీద సంఘం పుస్తకం తెరిచి ఉంది.

"అన్నా, మీరు ఊఁ అనండి. ముగ్గురం సంతకం పెట్టేస్తాం. పాప మనసు ప్రభువుకు తెలుసు," అన్నారు అయ్యగారు.

నేను ఊఁ అనాలి. అంతే. కానీ ఆ పుస్తకం చూడగానే నత్తిపిల్ల గుర్తొచ్చింది. "ఘాజియాబాద్ అమ్మాయిని వెనక్కి పంపాం కదండీ. ఇప్పుడు మా అమ్మాయికైతే..." అన్నాను.

"అప్పుడు పొరపాటు చేశామంటారా?"

ఆ ప్రశ్నకు అవునని చెప్పి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. "పొరపాటని కాదు," అన్నాను.

"అయితే ఏం చేద్దాం?"

"వచ్చే ఏడాది చూద్దాం."

అవే మాటలు. నా కూతుర్ని చూస్తూ అన్నాను. పక్షపాతం లేకుండా ఉన్నానని ఆ గంటలో నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. అది దాచి రాస్తే అబద్ధమవుతుంది.

తిరిగి వస్తుంటే నా భార్య రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. మా అమ్మాయి మాత్రం రిక్షా అతని వీపు తట్టి, "భయ్యా, మేరా హో గయా!" అంది. నాది అయిపోయింది అని. "ముబారక్ హో," అన్నాడతను, ఏమయిందో తెలియకుండా.

తర్వాతి మొదటి ఆదివారం పళ్లెంతో మా వరసకు వచ్చాను. తనది అయిపోయిందనే నమ్మకంతో ఆమె రెండు చేతులూ దోసిలి పట్టింది. ఆ దోసిలి మీదుగా పళ్లెం దాటించి నా భార్య ముందు పెట్టాను. ఆమె తీసుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నా వంక చూసింది.

"తీసుకో," అన్నాను గుసగుసగా.

"పిల్లను పక్కన పస్తు కూర్చోబెట్టి నేనెలా తింటానండీ."

మెల్లగానే అంది. ముందు రెండు వరసలకు వినపడింది. పళ్లెం వెనక్కి లాక్కోబోతే రెండు ముక్కలు కిందపడ్డాయి. అవి ఏరుకుని ముందుకు వెళ్లాను. నా భార్య ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా బల్ల తప్పని మనిషి. ఆ రోజు నుంచి ఆరు మొదటి ఆదివారాలు గడిచాయి. శనివారం కూతురి పక్కన నిలబడి రొట్టె కాలుస్తుంది. ఆదివారం ముట్టదు. నేను ముడుతున్నాను. ఎలా మింగుడు పడుతోందో అడగకండి.

ఆ నియమం తీసేద్దామని పెద్దల కూడికలో అడిగాను. ఆ సరదా మనిషే, ఈసారి నవ్వకుండా, "బ్రదర్, తప్పుగా అనుకోకండి. ఇంకొకరి పిల్లకు రూలు, మీ పిల్లకు సవరణా అంటారు జనం. ఆ రోజు మేం సంతకం పెడతామంటే మీరే వద్దన్నారు," అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. సంఘం మొత్తం కూర్చునే వార్షిక సమావేశంలో తేల్చాలన్నారు. ఈలోగా ఘాజియాబాద్ వాళ్లతో సమాధానపడి రమ్మని అయ్యగారు చెప్పారు.

ఒక శనివారం పొద్దున మా అమ్మాయిని తీసుకుని మెట్రోలో గంటకు పైగా వెళ్లాను. ఆ నర్సు తలుపు తీసి, ఎవరో గుర్తుపట్టడానికి క్షణం పట్టి, "వందనాలండీ, రండి," అంది. ఆమె కూతురికి ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు. పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తోందట. మా అమ్మాయి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ ఫోనులో ఏవో ఫొటోలు చూసుకుంటున్నారు. ఒకరి మాట ఆగిపోతే ఇంకొకరు అందించడం లేదు. అది వచ్చేదాకా కూర్చుంటున్నారు. అంత ఓపికగా మా అమ్మాయితో మాట్లాడినవాళ్లను నేను తక్కువ చూశాను.

క్షమించమని తల్లిని అడిగాను.

"పర్లేదు అన్నయ్యగారూ. ఇక్కడి అయ్యగారు ఆ సంవత్సరమే బాప్తిస్మం ఇచ్చేశారు. నమ్ముతున్నావా అంటే తలూపింది. చాలమ్మా అన్నారు." టీ గ్లాసు నా ముందుకు జరిపింది. "ఒక్కటడుగుతాను, ఏమనుకోకండి. ఇన్నేళ్లు రాలేదు. ఇవాళ మా అమ్మాయి కోసం వచ్చారా, మీ అమ్మాయి కోసమా?"

"తెలియదమ్మా," అన్నాను.

"టీ తాగండి. చల్లారిపోతోంది."

వార్షిక సమావేశానికి వచ్చి మీ తరఫున ఒక మాట చెబుతారా అని అడిగాను. "దాన్నే అడగండి," అంది. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ, "నాకు... ఇష్టం లేదు, అంకుల్," అంది. ఆ హాల్లో మళ్లీ నిలబడమని నేను ఏ ముఖంతో బతిమాలను? బయల్దేరుతుంటే తల్లి, "మా సంఘానికి తీసుకురండి, మీ పాపకు ఇచ్చేస్తారు," అంది మంచి మనసుతోనే.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే నా భార్య పప్పు కడుగుతూ తలెత్తలేదు. "దాని మనుషులు ఇక్కడున్నారు. అది గేటు దగ్గర చెయ్యిచ్చేది వీళ్లకి. తెలియని చోట నీళ్లలో ముంచి తెచ్చి, ఇక్కడ బల్ల మీద పెట్టేదేమో దాని రొట్టె. అదేం బాగుంటుంది?"

వార్షిక సమావేశం వచ్చే ఆదివారం. నేను లేచి నిలబడాలి. అప్పుడు తప్పు చేశాను, తర్వాత నా కూతురి విషయంలో కూడా అదే తప్పు చేశాను అని నా మాటల్లో చెప్పాలి. వారం నుంచి స్నానాల గదిలో, బస్సులో, ల్యాబులో సాధన చేస్తున్నాను. ప్రతిసారీ వివరణ వస్తోంది. అప్పటి పరిస్థితులు, సంఘ క్రమం, నా ఉద్దేశం. తప్పు చేశాను అన్న రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి నాలుక తిరగడం లేదు. చెప్పగలిగినా సంఘం ఒప్పుకుంటుందో లేదో తెలియదు. ఒప్పుకున్నా నా భార్య నన్ను మునుపటిలా చూస్తుందో లేదో తెలియదు. మా అమ్మాయి ఈ మధ్య ఫ్రిజ్ పక్కన నిలబడి అడగడం మానేసింది. పళ్లెం వస్తుంటే చేతులు తనే వెనక్కి పెట్టుకుంటోంది. నేర్చుకుంది. ఆమె ఏదైనా నేర్చుకుంటే పదహారేళ్లుగా సంతోషపడ్డాను. ఇది ఎవరూ నేర్పకుండా ఉంటే బాగుండేది.

చదువుతున్నవారూ, మీరు ఏ సంఘం వారైనా, మోకరించే అలవాటు ఉన్నా లేకపోయినా, ఒక్క నిమిషం నాతో కలవండి. మా అమ్మాయికి మాటలు రావాలని అడగొద్దు. ఆమె చెప్పాల్సింది చెప్పేసింది. నా కోసం అడగండి. తండ్రీ, ఈ మనిషి నోరు తెరువు, ఆ చేతులు మళ్లీ ముందుకు వచ్చేలా చెయ్యి అని అడగండి. అంతకంటే మంచి మాటలు నాకు అందడం లేదు. మీకు తోచిన మాటలతో అడగండి, నేను మీ వెనక ఆమేన్ అంటాను.